సెవెర్న్ లోయలో పొగబండ్ల పండుగ

ఇంగ్లండ్‌లో సెప్టెంబర్ వచ్చిందంటే రైలు పిచ్చి ఉన్నవాళ్ళ కాళ్ళు కిడర్‌మిన్‌స్టర్ వైపు లాగుతాయి. బర్మింగ్‌హామ్‌కు దగ్గర్లోని ఈ పట్టణం నుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా, సెవెర్న్ నదిని ఆనుకుని 16 మైళ్ళ రైలు మార్గం ఉంది. దాని పేరు సెవెర్న్ వ్యాలీ రైల్వే. మామూలు రోజుల్లోనూ ఇక్కడ ఆవిరి ఇంజిన్లు నడుస్తాయి. కానీ ఏటా జరిగే ‘స్టీమ్ గాలా’ సందడే వేరు. దేశంలోని ఇతర పాత రైల్వేల నుంచి పెద్ద పెద్ద ట్రక్కుల మీద ఇంజిన్లు అతిథులుగా వస్తాయి. ఒక బండి వెళ్ళిన కాసేపటికే ఇంకో బండి. కొన్నిటికి రెండు ఇంజిన్లు జోడిస్తారు. గూడ్సు బండ్లను కూడా బయటికి తీస్తారు. శరదృతువు గాలాలో రాత్రంతా బండ్లు తిరగడం ఇక్కడి ఆనవాయితీ. అర్ధరాత్రి దాటాక కూడా ప్లాట్‌ఫాం మీద ముసలివాళ్ళు, పిల్లల్ని భుజాన వేసుకున్న తండ్రులు, ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకున్న కుర్రాళ్ళు కనిపిస్తారు.

మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇది చూసి మొదట అడిగేది, “ఇదంతా ప్రభుత్వం నడుపుతోందా?” అని. కాదు. ఈ దారిలో చాలా భాగం మీద ప్రయాణికుల బండ్లను ప్రభుత్వ రైల్వే 1963లోనే ఆపేసింది. ఇవాళ ఇక్కడ జీతం తీసుకునే ఉద్యోగులు కొందరున్నా, బండ్లను నడిపించేది ప్రధానంగా జీతం లేని స్వచ్ఛంద సేవకులే. వారమంతా ఏ ఆఫీసులోనో బడిలోనో పనిచేసి, శనివారం తెల్లవారకముందే వచ్చి ఇంజిన్‌లో నిప్పు రాజేస్తారు. ఈ దేశపు రాజుల గురించీ, వైస్రాయ్‌ల గురించీ మనకు బడిలో చాలానే చెప్పారు. ఈ మనుషుల గురించి ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ లోయకు ఇనుముతో పాత చుట్టరికం ఉంది. ఇక్కడికి ఎగువన ఉన్న కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గుకు బదులు కోక్ వాడి ముడి ఖనిజం నుంచి ఇనుము తీశాడు. 1779లో సెవెర్న్ నది మీద ఇనుప వంతెన లేచింది. 1808లో రిచర్డ్ ట్రెవిథిక్ రూపొందించిన ‘క్యాచ్ మీ హూ కెన్’ అనే ఇంజిన్ బ్రిడ్జ్‌నార్త్‌లోని హేజల్‌డీన్ ఫౌండ్రీలో తయారైంది. దాన్ని లండన్ తీసుకెళ్ళి, చుట్టూ కంచె కట్టి, గుండ్రంగా వేసిన పట్టాల మీద తిప్పుతూ డబ్బులిచ్చినవాళ్ళను ఎక్కించుకున్నాడు. బరువుకు పట్టాలు విరిగాయి, ప్రదర్శన ఆగిపోయింది. లివర్‌పూల్, మాంచెస్టర్‌ల మధ్య రైలు మార్గం మొదలు కావడానికి అప్పటికింకా 22 ఏళ్ళుంది. అంటే జనం డబ్బిచ్చి ఆవిరి బండి ఎక్కడం ఎక్కడికో చేరడం కోసం మొదలు కాలేదు, ఆ వింతను అనుభవించాలన్న సరదాతోనే మొదలైంది. గాలాకొచ్చే జనాన్ని చూసి ఎందుకింత హడావిడి అనేవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతాను.

సెవెర్న్ లోయలో రైలు 1862లో వచ్చింది. ఆర్లీ దగ్గర నదిని ఒక్క దూకులో దాటే 200 అడుగుల విక్టోరియా బ్రిడ్జి అంతకు ముందు ఏడాదిదే. రూపకర్త జాన్ ఫౌలర్, ఇనుప భాగాలు పోతపోసింది కోల్‌బ్రూక్‌డేల్ కంపెనీ. గాలా రోజున ఆ వంతెన కింది ఒడ్డున కెమెరాలు పట్టుకున్నవాళ్ళ మధ్య నిలబడే చోటు దొరకడం కష్టం.

ఇక ఆవిరి బండ్ల పతనం చాలా వేగంగా జరిగింది. యుద్ధంలో అరిగిపోయిన రైల్వేలను 1948లో జాతీయం చేశారు. 1955లో డీజిల్‌కూ విద్యుత్తుకూ మారాలని పథకం వేశారు. అయినా ఆవిరి ఇంజిన్ల తయారీ ఆగలేదు. 1960లో స్విండన్ కార్ఖానా నుంచి వచ్చిన ‘ఈవెనింగ్ స్టార్’ బ్రిటిష్ రైల్వేస్ కట్టిన చివరిది. 1968 ఆగస్టు 11న ప్రధాన మార్గాల్లో చివరి ఆవిరి బండి నడిచింది. నిండా పదేళ్ళు పనిచేయని ఇంజిన్లు కూడా తుక్కుకు పోయాయి. మన దేశంలో చిత్తరంజన్ కార్ఖానా చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజిన్ ‘అంతిమ్ సితారా’ను 1970లో కట్టింది. అయినా బ్రాడ్‌గేజ్ మీద పొగ 1995 దాకా కనబడుతూనే ఉంది. బ్రిటన్‌లో అంత వ్యవధి ఇవ్వలేదు.

1963 మార్చిలో బ్రిటిష్ రైల్వేల ఛైర్మన్ బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూసేయాలంది. మూతపడిన ప్రతి లైనునూ జనం ఆయన ఖాతాలోనే వేస్తారు. నిజానికి సెవెర్న్ వ్యాలీని మూసే ప్రయత్నం ఆ నివేదిక కన్నా ముందే మొదలైంది. 1965లో కిడర్‌మిన్‌స్టర్‌లోని ఒక పబ్బులో కొద్దిమంది కూర్చుని ఈ లైనును కాపాడాలని సంఘం పెట్టుకున్నారు. 1970 మేలో బ్రిడ్జ్‌నార్త్ నుంచి హాంప్టన్ లోడ్ దాకా బండి నడిపారు. 1974కి బ్యూడ్లీ, 1984కి కిడర్‌మిన్‌స్టర్ చేరారు.

మరి ఇంజిన్లు ఎక్కడివి? ఈ ప్రశ్నకు జవాబు సౌత్ వేల్స్‌లోని బారీ రేవులో దొరుకుతుంది. డై వుడమ్ అనే తుక్కు వ్యాపారి అక్కడ 297 ఆవిరి ఇంజిన్లు కొని పడేశాడు. పాత వ్యాగన్లను కోయడం తేలిక, వాటి సరఫరాకు లోటు లేదు. అందుకని ఇంజిన్లను తర్వాత చూద్దామని పక్కన పెట్టాడు. ఏళ్ళ తరబడి అవి సముద్రపు గాలికి తుప్పు పడుతూ వరుసగా నిలబడి ఉన్నాయి. ఈలోగా ఒక్కొక్కరే వచ్చి, “ఇది మాకు అమ్ముతారా, డబ్బు పోగయ్యేదాకా ఆగుతారా?” అని అడగడం మొదలుపెట్టారు. ఆయన ఆగాడు. అలా 213 ఇంజిన్లు బతికి బయటపడ్డాయి. సెవెర్న్ వ్యాలీలో నడిచే ‘హాగ్లీ హాల్’ ఇంజిన్ 1929లో పుట్టి బారీ దాకా వెళ్ళి తిరిగొచ్చిందే. చందాలు పోగేసి, లేని భాగాలు కొత్తగా చేయించి, వారాంతాల్లో వానలో నిలబడి రివెట్లు కొట్టి స్వచ్ఛంద సేవకులు ఇలాంటి ఇంజిన్లకు ప్రాణం పోశారు. డై వుడమ్ చేసింది వ్యాపారమే కావచ్చు. ఆ ఓపిక లేకపోతే ఈ గాలాల్లో సగం ఇంజిన్లు ఉండేవి కావని నా నమ్మకం.

ఇంజిన్ మిగిలితే చాలదు, దాన్ని నడిపే విద్య మిగలాలి. చల్లటి బాయిలర్‌ను తొందరపడి వేడెక్కిస్తే లోహం దెబ్బతింటుంది, గంటల తరబడి మెల్లగా నిప్పు పెంచాలి. నీటిమట్టం ఫైర్‌బాక్స్ పైకప్పు కన్నా దిగిపోకుండా ఫైర్‌మన్ కన్నేసి ఉంచాలి. ఎత్తు ఎక్కబోయే ముందే బొగ్గు ఎక్కడ, ఎంత విసరాలో తెలియాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. కొత్తగా చేరినవాళ్ళు ముందు క్లీనర్లుగా ఇంజిన్ తుడుస్తారు, తర్వాత ఫైర్‌మన్ అవుతారు, ఆపైన ఎప్పటికో డ్రైవర్. జీతమిచ్చే కొలువు కాకపోయినా ఏ మెట్టూ వదిలిపెట్టరు. లైను ఒంటి దారి కాబట్టి సిగ్నల్‌మన్ చేతి నుంచి టోకెన్ అందితే తప్ప బండి కదలకూడదు. గాలా రోజున ఒక్క బండి ఆలస్యమైతే ఎదురు బండ్లన్నీ ఆగుతాయి. ఈ విద్యకంతటికీ పరీక్ష ఆ రోజుల్లోనే.

ఇది చూసినప్పుడల్లా నెల్లూరు జిల్లా బిట్రగుంట గుర్తొస్తుంది. ఒకప్పుడు అక్కడి లోకో షెడ్డు ఆ ఊరికే ఊపిరి. ఆవిరి పోయాక షెడ్డూ పోయింది. మన దగ్గర స్టేషన్ల ముందు దిమ్మె మీద రంగు వేసి నిలబెట్టిన ఇంజిన్లున్నాయి. అవీ ఉండాల్సిందే. కానీ ఎండాకాలం మధ్యాహ్నం ఫైర్‌బాక్స్ ముందు నిలబడి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌ను లాగించిన ఫైర్‌మన్ల చేతిలో ఉన్న పనిని ఎవరు నేర్చుకున్నారు? నాకు బాధ కలిగించే ప్రశ్న ఇది.

సెవెర్న్ లోయలోనూ కష్టాలు తక్కువేం లేవు. 2007 జూన్ వానలకు కట్టలు చాలాచోట్ల కొట్టుకుపోయాయి, లైను మొత్తం తెరవడానికి మరుసటి మార్చి వచ్చింది. 2025 జనవరిలో మరోచోట కట్ట జారింది. ప్రతి పదేళ్ళకూ ఒకసారి బాయిలర్ విప్పి బాగుచేయాలి, ఆ ఖర్చు భారీగా ఉంటుంది. అన్నిటినీ మించి బొగ్గు. ఈ లైనే ఒకప్పుడు హైలీ, ఆల్వలీ గనుల బొగ్గు మోసింది. ఆల్వలీ గని 1969లో మూతపడింది. దేశంలోని చివరి పెద్ద భూగర్భ గని కెల్లింగ్లీ 2015లో ఆగింది. ఇప్పుడు సముద్రాలు దాటి వచ్చే బొగ్గు కొని మండించాలి. గాలా టికెట్ల మీద వచ్చే డబ్బు అందుకే అంత ముఖ్యం.

పిల్లల దగ్గరికి బర్మింగ్‌హామ్ వచ్చే అమ్మానాన్నలు వీలుంటే ఈ గాలాకు కుదిరేలా ప్రయాణం పెట్టుకోండి. మూర్ స్ట్రీట్‌లో మామూలు రైలెక్కి కిడర్‌మిన్‌స్టర్‌లో దిగితే సెవెర్న్ వ్యాలీ స్టేషన్ పక్కనే. రోజంతా ఎక్కి దిగడానికి ఒకే టికెట్ తీసుకోండి. ఒకే బండిలో చివరిదాకా కూర్చోకుండా ఆర్లీలో దిగి వచ్చే పోయే బండ్లు చూడండి. హైలీలో ఇంజిన్ల మ్యూజియం ఉంది. బ్రిడ్జ్‌నార్త్‌లో షెడ్డు దగ్గర ఎవరైనా నూనె గుడ్డతో రాడ్లు తుడుస్తూ కనబడితే మొహమాటపడకుండా పలకరించండి. చేతిలో పని ఉన్నా ఆపి చెబుతారు.