ఉత్తరానికి మనుషులు, దక్షిణానికి ఛాసిస్‌లు

జంషెడ్‌పూర్‌లో సాక్చీ గోల్‌చక్కర్ దగ్గర షేర్ ఆటో ఎక్కేవాళ్లు ‘టాటా మోటార్స్ కాలనీ’ అనరు. ‘టెల్కో’ అంటారు. 2003లోనే టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ కాస్తా టాటా మోటార్స్ అయింది. ఆ పాత పేరులోని ‘లోకోమోటివ్’కు, అంటే రైలింజన్‌కు, అంతకు ముప్పై ఏళ్ల ముందే కాలం చెల్లింది. అయినా అక్కడి జనం నోట టెల్కో టెల్కోగానే నిలిచిపోయింది.

ఆ నేల మీద టాటాల కన్నా ముందు ఒక కార్ఖానా చితికిపోయింది. 1921లో పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ జంషెడ్‌పూర్ శివార్లలో రైలింజన్లు చేద్దామని పని మొదలుపెట్టింది. ఉక్కు పక్కనే దొరుకుతుంది, పనివాళ్లకు కొదవ లేదు. దేశంలో తయారైన ఇంజన్లను ప్రభుత్వం కొంటుందన్న నమ్మకం మీదే పెట్టుబడులు వచ్చాయి. తీరా చూస్తే ఆ ఆర్డర్లు రాలేదు. ఇంగ్లండు ఇంజన్లే ఓడల మీద దిగుతూ వచ్చాయి. కార్ఖానా కొన్నాళ్లు వ్యాగన్లతో నెట్టుకొచ్చి, 1920ల చివరికి ఈస్ట్ ఇండియన్ రైల్వే చేతికి పోయింది. పరాయి పాలనలో సొంత పరిశ్రమ పెట్టడం ఎంత కష్టమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు: చేసేవాళ్లున్నారు, సరుకుంది, కొనాల్సిన చెయ్యి మాత్రం లండన్ వైపు చాచి ఉంది.

1945లో టాటాలు ఆ వర్క్‌షాపులను కొని టెల్కో పెట్టారు. 1948లో బ్రిటన్‌కు చెందిన మార్షల్ కంపెనీ సహకారంతో రోడ్డు రోలరు చేశారు. స్వతంత్ర భారత రైల్వేల ఆర్డర్లతో మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లు బయటికొచ్చాయి. మొత్తం మీద వెయ్యికి పైగా ఇంజన్లు చేసి, 1970లో ఆ పని ఆపేశారు. ఈలోగా 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం కుదిరింది. ఆర్నెల్లు తిరగకుండానే మొదటి లారీ గేటు దాటింది. ముక్కు మీద మూడు మొనల నక్షత్రంతో వచ్చిన ఆ బండిని ‘టాటా బెంజ్’ అన్నారు. 1969లో ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి టాటా అక్షరం వచ్చింది. ఈ మార్పులన్నిటినీ దగ్గరుండి నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరు ఇప్పుడు టెల్కోలోని స్టేడియానికి ఉంది. 1994లో వచ్చిన టాటా సుమో పేరులోనూ ఆయన పేరు ముక్కలు రెండున్నాయి.

కార్ఖానాతో పాటే కాలనీ పెరిగింది. జంషెడ్‌పూర్‌కు ఇది కొత్తేమీ కాదు. 1919లో ఎఫ్.సి. టెంపుల్, 1940లలో ఒట్టో కోనిగ్స్‌బర్గర్ లాంటి వాళ్లు వీధులు, చెట్లు, బడులు, మైదానాలు గీతల మీద ముందే పెట్టిన ఊరది. భువనేశ్వర్ నగరానికి ప్లాను గీసింది కూడా ఈ కోనిగ్స్‌బర్గరే. టెల్కోలోనూ క్వార్టరు, ఆసుపత్రి, బడి, పార్కు అన్నీ కంపెనీ లెక్కలోవే. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అంటూ ఇంట్లో వంట కూడా ఆ గంటలకే ఉడికేది. తండ్రి రిటైరయ్యేలోపు కొడుకు అప్రెంటిస్‌గా చేరితే ఆ ఇంటికి ఇక దిగుల్లేనట్టే.

కాలనీ గోడ దాటగానే ఆ లెక్క మారిపోతుంది. పక్కనే బిర్సానగర్ ఉంది. టాటాల లీజు భూమిలో బిర్సానగర్ లాగే పెరిగిన ‘86 బస్తీల’ ఇళ్లకు యాజమాన్య హక్కు ఇవ్వాలన్న డిమాండు జంషెడ్‌పూర్ ఎన్నికల్లో దశాబ్దాలుగా వినిపిస్తోంది. కార్ఖానా పిలిస్తే వచ్చిన వాళ్లందరికీ క్వార్టరు దొరకలేదు. ఈ నేల మీద ముందు నుంచీ ఉన్న ఆదివాసీ కుటుంబాల సంగతి అంతకన్నా బాధాకరం. టెల్కో చెట్ల నీడను మెచ్చుకునేవాళ్లు గోడ అవతలికి కూడా ఒకసారి వెళ్లి చూడాలి.

ఆ పిలుపు విని వచ్చిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. బెంగాల్-నాగపూర్ రైల్వే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలను ఖరగ్‌పూర్‌తో కలిపింది. అక్కణ్ణుంచి జంషెడ్‌పూర్ స్టేషను టాటానగర్ మరో బండి దూరం. పొలం లేని ఇంటి నుంచి ముందు ఒకరు పోయేవారు. రెండేళ్లకు ఆయన బావమరిది, ఆ తర్వాత వాళ్ల ఊరి కుర్రాడు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలూ, జంషెడ్‌పూర్ కార్ఖానాలూ అలా తెలుగు మాటతో నిండాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు ఆనవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పనిలో అన్నీ కలిసిన భాష. మూడో తరం పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం చాలామందికి రాదు.

మనుషులు రైల్లో ఉత్తరానికి వెళ్తే, వాళ్లు బిగించిన బండ్లు రోడ్డు మీద దక్షిణానికి వచ్చాయి. ఈ రెండో ప్రయాణం గురించి రాసినవాళ్లు తక్కువ.

టెల్కో గేటు నుంచి చాలా లారీలు ఛాసిస్‌గానే బయటికొచ్చేవి. ఇంజను, చక్రాలు, స్టీరింగు, పొడవాటి రెండు ఇనప దూలాలు, అంతే. క్యాబిన్ లేదు, తలుపు లేదు. చెక్కతో చేసిన తాత్కాలిక సీటు మీద డ్రైవరు కూర్చునేవాడు. ముఖానికి గుడ్డ చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, వానొస్తే రెయిన్‌కోటు తగిలించుకుని నడపాల్సి వచ్చేది. ఎదురుగా వచ్చే లారీ రేపిన దుమ్మంతా నేరుగా ఒంటి మీదికే. జంషెడ్‌పూర్‌లో వీళ్లను కాన్వాయ్ డ్రైవర్లంటారు. బహరాగోరా దాటి బాలేశ్వర్, భువనేశ్వర్, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖ, రాజమండ్రి మీదుగా బెజవాడ దాకా వెయ్యి కిలోమీటర్ల పైమాటే. బండి అప్పజెప్పి మళ్లీ రైలెక్కి వెనక్కి పోతారు. లారీ తయారీలో అందరికన్నా ఎక్కువ ఎండ, వాన భరించింది వీళ్లే. కాలనీ క్వార్టరు మాత్రం వీళ్లది కాదు. కూలి పెంచాలని, ఉద్యోగ భద్రత కావాలని వీళ్లు చేసిన ఆందోళనలు ఏళ్ల తరబడి సాగాయి.

బెజవాడ ఆటోనగర్‌లో ఆ ఛాసిస్ లారీ అయ్యేది. 1960లలో ఊరి బయట మొదలైన ఈ పేట, మెకానిక్కులు, వెల్డర్లు, వడ్రంగులు, టింకర్లు, పెయింటర్లు ఒకేచోట చేరడంతో లారీ బాడీలకు పేరు తెచ్చుకుంది. ‘బాడీ కట్టించడం’ అన్న మాట అందరికీ తెలుసు. ఇల్లు కట్టించినట్టే లారీ ఓనరు షెడ్డులో రోజూ వచ్చి కూర్చునేవాడు. ధాన్యం వేయాలా, ఇసుక వేయాలా, చేపలు వేయాలా అన్నదాన్ని బట్టి తొట్టి ఎత్తు, చెక్క మందం తేల్చేవారు. క్యాబిన్ లోపల దేవుడి పటానికి గూడు, క్లీనరు పడుకోవడానికి బల్ల. చివర పెయింటరు వచ్చి నుదుట పిల్లల పేర్లు, వెనక హారన్ ప్లీజ్ రాస్తే, నిమ్మకాయలు తొక్కించి బండి బయలుదేరేది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో పండిన బియ్యం, మామిడి, చెరువు చేప దేశమంతా తిరిగిందంటే, అందులో జర్మన్ ఇంజనుకూ జంషెడ్‌పూర్ ఉక్కుకూ ఎంత పాలుందో బెజవాడ బాడిసకూ అంత పాలుంది. చదువు పెద్దగా లేని వేలమందికి అక్కడ అన్నం పుట్టింది. ఒక షెడ్డు పెద్దమేస్త్రి పదేళ్లలో నలుగురు మేస్త్రులను తయారుచేసి పంపేవాడు.

1990ల నుంచి ఈ దారి రెండు కొసలా వదులవుతూ వచ్చింది. 1993లో టాటా కమిన్స్ ఏర్పడి, జంషెడ్‌పూర్‌లోనే కొత్త తరహా ఇంజన్లు మొదలయ్యాయి. పొగ నియమాలు బిగిసే కొద్దీ పాత బెంజ్ వరస ఇంజన్లు వెనక్కి తగ్గాయి. వెల్డింగ్‌కు యంత్రాల చేతులొచ్చాయి. శాశ్వత ఉద్యోగుల పక్కన ‘బైసిక్స్’ కార్మికులు వచ్చారు. చాలామంది ఉద్యోగుల బిడ్డలే. తండ్రి చేసిన పనే చేస్తారు, కానీ తాత్కాలికంగా, కొన్ని నెలల లెక్కన. శాశ్వతం కావడానికి ఏళ్లు పట్టింది, ఆ విషయం ఒప్పందాల దాకా, కోర్టు దాకా వెళ్లింది. 2019లో లారీల అమ్మకాలు పడిపోయినప్పుడు కార్ఖానా పలుమార్లు బ్లాక్ క్లోజర్, అంటే కొన్ని రోజుల పాటు పని ఆపడం, ప్రకటించింది. ఆ రోజుల్లో ముందు ఇంటికి వెళ్లింది బైసిక్స్ వాళ్లే. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో విడిభాగాలు చేసే చిన్న యూనిట్లలోనూ మెషిన్లు ఆగాయి. పెద్ద కార్ఖానా వారంలో రెండు రోజులు పడుకుంటే, దాన్ని నమ్ముకున్న చిన్న లేతు షెడ్డు నెలంతా పడుకుంటుంది.

బెజవాడ కొసన మార్పు నెమ్మదిగా వచ్చింది. క్యాబిన్ కంపెనీలోనే తయారై రావడంతో షెడ్డుకు వెనక తొట్టి పని మిగిలింది. ఇసుక, కంకర టిప్పర్లు పూర్తిగా బిగించే వస్తున్నాయి. బాడీ కొలతలకు, భద్రతకు కేంద్రం నియమాలు పెట్టింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. జ్యేష్ఠమాసపు ఎండలో పద్నాలుగు గంటలు స్టీరింగు పట్టుకునే మనిషికి ఇది ఎప్పుడో దక్కాల్సింది. ఇప్పుడు టెల్కో గేటు దాటే బండిలో అద్దాలు మూసుకుని కూర్చునే కాన్వాయ్ డ్రైవరు బహరాగోరా దాకా ముఖానికి గుడ్డ చుట్టుకోనక్కర్లేదు. ఆటోనగర్‌లో క్యాబిన్ తలుపులు బిగించడమే జీవితమంతా చేసిన మేస్త్రి మాత్రం పాత లారీల రిపేర్లకు మారాడు. పక్క షెడ్డులో ఆయన కొడుకు తొట్టెలకు వెల్డింగ్ పని చేస్తున్నాడు.