కమిషనర్ దగ్గర రాసిందే కడదాకా

నేను పాఠం చెప్పేది తెలుగు సాహిత్యం. కానీ గోదావరి జిల్లాల కూలి చరిత్ర తెలియాలంటే బోయి భీమన్న 'పాలేరు' నాటకంతో పాటు 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టాన్నీ చదవాలంటాను.

1924 జూలై 1న అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో అందరికీ చోటు లేదు. ట్రాక్టరుతోనో మరో యంత్రంతోనో సేద్యం చేసేవాళ్లు దాని జాబితాలో ఉండేవారు. కొడవలి పట్టి కోతకు వంగే మనిషి ఉండేవాడు కాదు. వరిచేలో మా పేట ఆడమనిషిని పాము కరిస్తే ఆ చట్టానికి కనబడేది కాదు. యజమాని వ్యాపారంతో సంబంధం లేని పనికి అప్పుడప్పుడూ పిలిచే కూలీనైతే 2000 సవరణ దాకా బయటే ఉంచింది.

చోటు దొరికినవాళ్ల సంగతి చూద్దాం. కమిషనర్ తీర్పు మీద 2025 దాకా ఆ చట్టం సెక్షన్ 30 కింద 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లే వీలుండేది. అయితే గట్టి న్యాయప్రశ్న ఉండాలి. ఆ రోజు అతను పనిలోకి వచ్చాడా లేదా అన్నది వాస్తవం. దాన్ని పైకోర్టు మళ్లీ తవ్వదు. చట్టంలోని మాటకు అర్థమేమిటన్నది న్యాయప్రశ్న. సాక్ష్యమే లేకుండా తేల్చేస్తే అదీ న్యాయప్రశ్నే. పరిహారం కట్టాల్సిన యజమాని అప్పీలు చేయాలంటే ముందు ఆ సొమ్మంతా కమిషనర్ దగ్గర జమ చేయాల్సి ఉండేది. కూలివాడికి ఆ షరతు లేదు.

మన పొరుగున ఒడిశా జయపురంలో 1968 జూలైలో సినిమా హాలు పనిలో ఒక వడ్రంగి కిందపడ్డాడు. ఎడమచేయి మోచేతి దాకా తీసేశారు. పోయింది ఒక చెయ్యే కాబట్టి పూర్తి పరిహారం రాదని యజమాని సుప్రీంకోర్టు దాకా వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు, అది సంపూర్ణ వైకల్యమేనని 1975 డిసెంబరులో కోర్టు చెప్పింది. పరిహారం తీర్పు రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అంది. ఏడేళ్లు తిప్పినవాడికి ఆ ఏడేళ్లూ లాభం కాకుండా పోయింది.

వాస్తవాల విషయంలో కమిషనరే ఆఖరి అధికారి అని 2016లో అదే కోర్టు మళ్లీ గుర్తుచేసింది.

మన హైకోర్టు మద్రాసు నుంచి 1954లో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019లో అమరావతికి మారింది. అది ఏ ఊళ్లో ఉన్నా, అక్కడికి వెళ్లేది కింద రాసిన కాగితమే. రైసుమిల్లులో, ఇటుక బట్టీలో మస్టరులో పేరుండదు. కూలి చేతికిస్తారు, చీటీ ఇవ్వరు. రేపు ప్రమాదం జరిగితే "వీడెవడో మాకు తెలీదు" అనడానికి అదే ఆసరా.

అందుకే పక్కన పనిచేసినవాళ్ల సాక్ష్యం, ఆస్పత్రి చీటీ, పోలీసు కాగితం, ఫోనులో పడిన కూలి డబ్బుల లెక్క, అన్నీ మొదటి వారంలోనే పోగుచెయ్యండి. పేటలో చదువుకున్న పిల్లలారా, ఆ దరఖాస్తు రాసేటప్పుడు పక్కన కూర్చోండి. ఏ పని, ఎవరి కింద, ఎన్ని గంటలకు, ఎలా జరిగింది, అన్నీ అందులో పడాలి. అప్పుడు రాయనిది అమరావతిలో ఎంత పెద్ద లాయరును పెట్టినా రాదు.

జై భీమ్.