దబీర్‌పురా వాననీటి కాలుష్యం, బస్తీ సేవ

దబీర్‌పురా హైదరాబాద్ పాతబస్తీలో మూసీకి దక్షిణాన ఉన్న పేట. నగర ప్రాకారపు దర్వాజాల్లో నేటికి మిగిలినవి రెండే: ఒకటి పురానాపూల్ దగ్గరిది, రెండోది ఇక్కడిది. ఈ వైపు వాననీరు మోరీల్లోంచి నాలాల్లోకి, అక్కడి నుంచి మూసీలోకి చేరుతుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాబట్టి ఇక్కడి గల్లీలో విసిరేసిన కవరుకు కృష్ణ దాకా దారి ఉన్నట్టే.

పాతబస్తీ నాలాల్లో పేరున్నది ముర్కి నాలా. ఒకప్పటి మీర్ జుమ్లా చెరువు నుంచి మూసీ వరకు దాని దారి. చెరువు చోట ఇప్పుడు ఇళ్లున్నాయి; నీటికి మాత్రం పాత దారే గుర్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు పైనుంచి వచ్చే వరదను పట్టి ఉంచేందుకే. గల్లీల్లో కురిసిన వాన సంగతి వాటి చేతిలో లేదు.

పాతబస్తీలో చాలాచోట్ల మురుగు, వాననీరు వేర్వేరుగా పారవు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మురుగు శుద్ధి కేంద్రం ఉన్నా, గొట్టాల ద్వారా తనదాకా వచ్చిన నీటినే అది శుభ్రం చేయగలదు. వాన దంచికొడితే నాలాలో పారేదంతా నేరుగా నదికే. తొలి వానలు మరీ మురికివి. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, మెకానిక్ షెడ్ల ఆయిలు, టీకొట్ల కప్పులు, మాంసం దుకాణాల వ్యర్థాలు ఒక్క గంటలో కొట్టుకుపోతాయి.

అందుకే స్వచ్ఛంద సేవకు అసలు చోటు నది ఒడ్డు కాదు, మోరీ జాలీ. ఒడ్డున చెత్త ఏరుతూ ఫొటోలు దిగే కార్యక్రమాలకు ప్రచారం ఎక్కువ, ఫలితం తక్కువ. జూన్‌కు ముందే గల్లీలోని జాలీలపై చెత్త తీయడం, చెత్తను స్వచ్ఛ ఆటోకే అందేలా చూడటం ఎక్కువ పని చేస్తాయి. మరొకటి పూడిక. నాలాలోంచి తీసిన మట్టిని ఆరబెట్టడానికని గట్టునే కుప్ప పోస్తారు. లారీ వచ్చేలోపు వాన పడితే అది తిరిగి నాలాలోకే జారుతుంది. కుప్ప ఎత్తించేదాకా అధికారుల వెంటపడటం కూడా సేవే.

పండుగల రోజులు ఈ పేటకు ప్రత్యేకం. మొహర్రం పదో రోజున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం ఏనుగుపై బయలుదేరి చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. దారి పొడవునా సబీళ్లలో నీళ్లు, షర్బత్ పంచుతారు. ప్రతి సబీల్ దగ్గర ఒక గోనెసంచీ కట్టి, సాయంత్రం దాన్ని ఎత్తే మనిషి ఉంటే కప్పులు మోరీకి చేరవు. బక్రీద్‌కు జీహెచ్‌ఎంసీ వ్యర్థాల కోసం కవర్లు పంచుతుంది. అవి ఇంటింటికీ అందేలా చూడటానికి మొహల్లా కుర్రాళ్లను మించినవారు లేరు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ మురుగు, వాననీరు ఒకే గొట్టంలో పారతాయి. అక్కడ ఇంటి ముందరి జాలీని పౌరులు దత్తత తీసుకుని, పేరు పెట్టి మరీ శుభ్రంగా ఉంచుతారు. మన దగ్గర చేసిన ప్రయత్నం వేరు: నెక్నాంపూర్ చెరువులో ధ్రువాంశ్ సంస్థ 2018 ఫిబ్రవరి 2న మూడు వేల చదరపు అడుగుల తేలియాడే మొక్కల తెప్పను నీటిపై నిలిపింది. వెదురు, థర్మాకోల్, గోనెసంచులు, కంకర పొరలపై పెరిగే వట్టివేరు వంటి మొక్కలు నీటిలోని పోషకాలను పీల్చుకుంటాయి. నిలిచే నీరుంటేనే ఆ ఉపాయం పారుతుంది. ఉరికే నాలాకు పనికిరాదు.

సేవ పేరుతో ఎవరూ మ్యాన్‌హోల్‌లోకి, నాలాలోకి దిగకూడదు. విషవాయువుతో ప్రాణాలు పోతాయి. రక్షణ లేకుండా మనుషులను మురుగు గుంతల్లోకి దింపి పని చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మ్యాన్‌హోల్ పొంగితే జలమండలి 155313కు, మోరీలో చెత్త పేరుకుంటే జీహెచ్‌ఎంసీ 040-21111111కు ఫోన్ చేయాలి. గల్లీ పేరుతో పాటు దగ్గరి మసీదో, గుడో, దుకాణమో చెబితే సిబ్బంది వెతుక్కోకుండా వస్తారు.