తిరిగే కుర్చీ నుంచి కంప్యూటర్ స్టిక్ దాకా: పైలట్ పరీక్షలు ఎవరిని ఆపాయి, ఎందుకు ఆపాయి?



ఇంటర్ ఎంపీసీ అయిపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ మధ్య మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. "పైలట్ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారన్నా? మనలాంటోళ్ళం పాసవుతామా?" అని. మొదటి ప్రశ్నకు జవాబు ఏ కోచింగ్ సెంటరైనా చెప్తుంది. రెండో ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. అందుకే ఈ పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే. పైలట్ పరీక్షల్లో మొదటి నుంచీ రెండు రకాల ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. విమానం నడపడానికి నిజంగా ఏం కావాలి అనేది ఒకటి. నువ్వు ఎవరి బిడ్డవి అనేది రెండోది. ఈ వందేళ్ళలో రెండో రకం ప్రశ్నలు ఒక్కొక్కటిగా బయటికి పోయాయి. అయితే ఎవరో దయతలచి తీసేయలేదు. కొన్ని యుద్ధం అవసరం కోసం, కొన్ని కోర్టు కేసు వల్ల, కొన్ని ఘోర ప్రమాదాల వల్ల పోయాయి. ఏది ఎలా పోయిందో తెలిస్తే మనం దేనికి ప్రిపేర్ కావాలో, దేనికి భయపడక్కర్లేదో తెలుస్తుంది.

1903లో రైట్ సోదరులు ఎగిరారు. పదకొండేళ్ళకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. వేలమంది పైలట్లు కావాలి, కానీ ఎవరు పనికొస్తారో ఎవరికీ తెలియదు. బ్రిటన్‌లో పెద్దింటి స్కూళ్ళలో చదివిన కుర్రాళ్ళని, గుర్రపు స్వారీ వచ్చినవాళ్ళని ఇష్టపడేవాళ్ళు. గుర్రం కళ్ళెం పట్టిన చెయ్యి విమానం స్టిక్ కూడా సుతారంగా పడుతుందని వాళ్ళ నమ్మకం. గుర్రం ఎవరింట్లో ఉంటుందో వేరే చెప్పాలా?

అమెరికా సైన్యం ఇంకో దారి పట్టింది. అభ్యర్థిని కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పి, ఆపగానే కళ్ళు ఎలా కదులుతున్నాయో చూసేవాళ్ళు. చెవిలోని బ్యాలెన్స్ వ్యవస్థ మీద పనిచేసి 1914లో నోబెల్ పొందిన రాబర్ట్ బారనీ పేరుతో దాన్ని బారనీ కుర్చీ అంటారు. ఈ కుర్చీ దగ్గరే చాలామందిని తిప్పి పంపేశారు. ఎవరు మంచి పైలట్ అవుతారో ఈ కుర్చీ చెప్పలేదని తర్వాత తేలింది. సైన్స్ పేరు పెట్టుకున్న ప్రతిదీ సైన్స్ కాదని ఇక్కడే గుర్తుపెట్టుకోండి.

ఈ మాట మనకు కొత్త కాదు. మన దేశంలోనే హెర్బర్ట్ రిస్లీ అనే ఆంగ్లేయ అధికారి ముక్కు వెడల్పు, పొడవు కొలిచి, ముక్కు ఎంత వెడల్పైతే మనిషి స్థాయి అంత తక్కువ అని లెక్కలు వేశాడు. 1901 జనాభా లెక్కలకు కమిషనర్ ఆయనే. ఆయన కొలత పరికరానికి ఎక్కువగా దొరికినవాళ్ళలో ఆదివాసులున్నారు. అమెరికాలో 1917లో సైనికులకు తెలివితేటల పరీక్షలు పెట్టారు. అందులో కొన్ని ప్రశ్నలు అక్కడి షాపుల్లో అమ్మే వస్తువుల గురించి. ఆ మార్కులు చూపించి ఫలానా జాతులకు తెలివి తక్కువ అని కార్ల్ బ్రిగమ్ 1923లో పుస్తకం రాశాడు. 1930లో ఆయనే తన వాదన నిలబడదని ఒప్పుకున్నాడు. కానీ ఆ ఏడేళ్ళలో జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఇప్పుడు ఒక పేరు చెప్తాం, రాసి పెట్టుకోండి. బెస్సీ కోల్‌మన్. 1892లో టెక్సస్‌లో పుట్టింది. తల్లి నల్లజాతి స్త్రీ, తండ్రిది నల్లజాతి, చెరోకీ తెగ కలిసిన వంశం. చిన్నప్పుడు పత్తి ఏరింది, బట్టలు ఉతికింది. పెద్దయ్యాక చికాగోలో సెలూన్‌లో గోళ్ళు తీర్చిదిద్దే పని చేసింది. పైలట్ అవుతానంటే అమెరికాలో ఒక్క స్కూలూ చేర్చుకోలేదు. అడ్డం వచ్చింది ఆమె చెయ్యి, కన్ను కాదు. ఆమె రంగు, ఆమె ఆడపిల్ల కావడం. ఆమె ఏం చేసిందో తెలుసా? ఫ్రెంచి నేర్చుకుంది. ఫ్రాన్స్ వెళ్ళి 1921 జూన్ 15న లైసెన్స్ తెచ్చుకుంది. అమెరికా మూలవాసుల వంశం నుంచీ, నల్లజాతి నుంచీ లైసెన్స్ పొందిన తొలి మహిళ ఆమే. 1926లో విమాన ప్రమాదంలో చనిపోయింది. అప్పటికి ఆమెకు 34 ఏళ్ళు.

రెండో ప్రపంచ యుద్ధంతో పరిస్థితి మారింది. అమెరికా వైమానిక దళంలో పైలట్ శిక్షణకి రెండేళ్ళ కాలేజీ చదువు తప్పనిసరి అనే రూలు ఉండేది. యుద్ధంలోకి దిగగానే అంతమంది కాలేజీ కుర్రాళ్ళు దొరకరని అర్థమైంది. 1942 జనవరిలో ఆ రూలు తీసేసి దాని స్థానంలో పరీక్ష పెట్టారు. జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఆ పరీక్షలు తయారుచేసింది. స్టిక్, పెడల్స్ కదిపి వెలిగే లైట్లను సరిచూడటం, డయల్స్ వేగంగా చదవడం, పటం చూసి దిక్కు చెప్పడం లాంటివి. అన్నీ కలిపి 1 నుంచి 9 దాకా ఒక స్కోరు ఇచ్చేవాళ్ళు.

ఈ పరీక్షలు నిజంగా పనిచేస్తాయా అని వాళ్ళు తేల్చుకున్న పద్ధతి గమనించండి. వెయ్యి మందికి పైగా అభ్యర్థుల్ని మార్కులతో సంబంధం లేకుండా శిక్షణకి పంపారు. ఎక్కువ స్కోరు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నిలబడ్డారు, తక్కువ స్కోరువాళ్ళలో ఎక్కువమంది మధ్యలో ఆగిపోయారు. ఈ పరీక్ష తిరిగే కుర్చీ లాంటిది కాదని అలా రుజువైంది. రైతు కొడుకైనా, కాలేజీ గడప తొక్కనివాడైనా చెయ్యీ కన్నూ కలిస్తే చాలు. నిజాయితీగా పెట్టిన పరీక్ష పేదవాడికి శత్రువు కాదు. చాలాసార్లు వాడికున్న ఒకే ఒక్క తలుపు అదే.

కానీ ఆ తలుపు కూడా అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. బెంజమిన్ డేవిస్ అనే నల్లజాతి యువకుడు వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివిన నాలుగేళ్ళూ తోటి క్యాడెట్లు పని ఉంటే తప్ప ఆయనతో మాట్లాడలేదు. పైలట్‌గా తీసుకోండని అడిగితే నల్లవాళ్ళకి వైమానిక దళంలో యూనిట్లే లేవని పంపేశారు. చివరికి 1941లో టస్కీగీలో వేరే శిక్షణ మొదలుపెట్టారు. మొదటి బ్యాచ్‌లో 13 మంది చేరితే 1942 మార్చిలో అయిదుగురు పూర్తిచేశారు. వాళ్ళలో డేవిస్ ఒకడు. తర్వాత దాదాపు వెయ్యి మంది అక్కడి నుంచి పైలట్లుగా బయటికి వచ్చారు.

ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూ విషయానికొస్తే మార్లన్ గ్రీన్ కేసు తెలుసుకోవాలి. వైమానిక దళంలో పనిచేసి వచ్చిన ఈయన 1957లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌కి అప్లై చేశాడు. ఫారంలో జాతి అనే గడి ఖాళీగా వదిలేశాడు, ఫొటో అంటించలేదు. అందుకే పరీక్షల దాకా పిలిచారు. ఆయనకంటే తక్కువ అనుభవం ఉన్న తెల్లవాళ్ళకి ఉద్యోగాలిచ్చి ఆయన్ని వదిలేశారు. ఆరేళ్ళు పోరాడాడు. 1963లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన వైపు తీర్పిచ్చింది. 1965లో అదే కంపెనీలో చేరాడు. 2010లో ఆ కంపెనీయే ఒక విమానానికి ఆయన పేరు పెట్టుకుంది.

మన దగ్గర చూస్తే, 1929లో భారత్‌లో తొలి పైలట్ లైసెన్స్ జేఆర్‌డీ టాటా తీసుకున్నారు. అప్పటి ఫ్లయింగ్ క్లబ్బులు సంపన్నులవి, అధికారులవి. ఆడవాళ్ళకి ఇంకా కష్టం. ప్రేమ్ మాథుర్‌కి లైసెన్స్ ఉన్నా కంపెనీలు వరసగా వద్దన్నాయి. ఆమెను తీసుకున్నది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ బేగంపేట నుంచి నడిచిన కంపెనీలో పనిచేసిందన్నమాట.

ఇక ఇప్పటి ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల సంగతి. "కెప్టెన్ తప్పు చేస్తున్నాడని నీకు తెలిస్తే ఏం చేస్తావ్?" అని తప్పకుండా అడుగుతారు. ఈ ప్రశ్న వెనక శవాలున్నాయి. 1977 మార్చి 27న టెనెరిఫేలో రన్‌వే మీదే రెండు జంబో విమానాలు గుద్దుకుని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన కెప్టెన్ ఆ కంపెనీలో ఎంతో పేరున్న సీనియర్. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీర్ అనుమానం వ్యక్తం చేశాడు, కానీ గట్టిగా ఆపలేకపోయాడు. మరుసటి ఏడాది పోర్ట్‌లాండ్‌లో ఇంకో కెప్టెన్ చక్రాల సమస్యలో మునిగిపోయి ఇంధనం అయిపోయేదాకా చూసుకోలేదు. పక్కవాళ్ళు మెల్లగా గుర్తుచేశారే తప్ప గట్టిగా చెప్పలేదు. పదిమంది చనిపోయారు. 1979లో నాసా నిర్వహించిన వర్క్‌షాప్ నుంచి సిబ్బంది కలిసి పనిచేసే శిక్షణ పుట్టింది. దాన్నే సీఆర్ఎం అంటారు.

మన పిల్లలు ఇక్కడే జాగ్రత్త పడాలి. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో సారు ముందు తల వంచుకుని నిలబడటమే మర్యాద అని నేర్పారు. కాక్‌పిట్‌లో ఆ మర్యాద మనుషుల్ని చంపుతుంది. "సార్, ఎత్తు తగ్గుతోంది, సరిచేయండి" అని గౌరవంగానే, స్పష్టంగా చెప్పాలి. వినకపోతే మళ్ళీ చెప్పాలి. అయినా వినకపోతే కంట్రోల్ తీసుకోవాలి. ఇంటర్వ్యూలో వాళ్ళు వినాలనుకునే క్రమం ఇదే. మన గూడెంలో పెద్దల పంచాయితీలో చిన్నవాడైనా లేచి మాట చెప్పే అలవాటు ఉంటే, దాన్ని సిగ్గుపడి దాచకండి.

రెండో భయం ఇంగ్లీషు. దీనికీ చరిత్ర ఉంది. 1990లో న్యూయార్క్ దగ్గర ఒక కొలంబియా విమానం ఇంధనం లేక కూలి 73 మంది చనిపోయారు. ఇంధనం అయిపోతోందని చెప్పారు కానీ 'ఎమర్జెన్సీ' అనే ఒక్క మాట అనలేదు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద గాల్లో రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. ఒక విమానం కంట్రోలర్ చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగింది, ఆ సిబ్బందికి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఇలాంటివి చూశాకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆరు స్థాయిల ఇంగ్లీషు ప్రమాణం తెచ్చింది. 2008 నుంచి అమల్లో ఉంది. కనీసం నాలుగో స్థాయి ఉండాలి. ఆ నాలుగో స్థాయిలో మాతృభాష యాస ఉండటం తప్పు కాదు, ఎదుటివాడికి అర్థం కావడం ముఖ్యం. కోయ యాస ఉన్నా, గోండి యాస ఉన్నా, లంబాడీ యాస ఉన్నా పర్వాలేదు. దొరల ఇంగ్లీషు ఎవరూ అడగట్లేదు. రోజూ అరగంట పైకి చదవండి, విన్నది తిరిగి చెప్పండి.

మూడోది లెక్కలు. ఇక్కడ ట్యూషన్ కంటే అలవాటు ముఖ్యం. 36,000 అడుగుల ఎత్తు నుంచి దిగాలంటే ఎంత దూరం ముందు మొదలుపెట్టాలి? వేల అడుగుల అంకెను మూడుతో గుణించండి, సుమారు 108 నాటికల్ మైళ్ళు. 120 నాట్ల వేగంతో ల్యాండింగ్‌కి వస్తుంటే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలి? వేగాన్ని అయిదుతో గుణిస్తే 600. సంతలో నోటి లెక్క వేసే మన అమ్మలకు ఇది కష్టమా చెప్పండి? మనకీ కాదు.

వైమానిక దళం వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు ఒక సంగతి మర్చిపోవద్దు. అక్కడి పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. ఫెయిలైతే మళ్ళీ ఛాన్స్ ఉండదు. చూసొద్దాంలే అని వెళ్ళకండి. ఏ దారిలో వెళ్ళినా ముందు మెడికల్ చేయించుకోండి. రంగులు గుర్తించడంలో తేడా ఉంటే లక్షలు కట్టాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు.

సీలేరు నది అవతలి ఒడ్డున ఉన్న మల్కన్‌గిరి జిల్లా నుంచి అనుప్రియ లక్రా అనే ఆదివాసీ అమ్మాయి 2019లో ఎయిర్‌లైన్‌లో కో పైలట్ అయింది. తండ్రి పోలీసు శాఖలో హవల్దారు. 2012లో ఇంజినీరింగ్ వదిలి భువనేశ్వర్‌లో శిక్షణలో చేరింది. ఏడేళ్ళు పట్టింది.

ఆ ఏడేళ్ళ ఖర్చు ఎవరు భరిస్తారు? ఇప్పటికీ పోకుండా మిగిలిపోయిన 'ఎవరి బిడ్డవి' ప్రశ్న ఇదే. గుర్రం పోయింది, కుర్చీ పోయింది, ఫారంలో జాతి గడి పోయింది. ఫీజు మాత్రం ఉంది. 200 గంటలు ఎగరాలంటే పదుల లక్షలు కావాలి. ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో కమర్షియల్ పైలట్ కోర్సు పేరు ఉంది. ఫుర్సత్‌గంజ్‌లోని కేంద్ర ప్రభుత్వ ఉడాన్ అకాడమీలో మనకు రిజర్వేషన్ ఉంది. కానీ కాగితం మీద ఉన్నది చేతికి రావాలంటే అడగాలి. ఫీజు ముందే నేరుగా అకాడమీకి కట్టేలా చూడమని, గురుకులాల్లో ఇంటర్ పిల్లలకు మెడికల్, ఇంగ్లీషు, ఆప్టిట్యూడ్ పరిచయం చేయమని మన ఐటీడీఏల్లో దరఖాస్తులు పెడదాం. గ్రీన్‌కి ఆరేళ్ళు పట్టింది. మనకి ఎంత పడుతుందనేది ఎంతమందిమి సంతకం పెడతామన్న దాని మీద ఉంది.

మీ మండలంలో ఎంపీసీ చదువుతున్న పిల్లలు ఎవరున్నారో కింద రాయండి. దరఖాస్తు నమూనా మేం రాసి పెడతాం.