లష్కర్ అమ్మవారి మొదటి విగ్రహం

లష్కర్ (సికింద్రాబాద్) బోనాలంటే సీతాఫల్‌మండి ఇళ్లల్లో తెల్లవారుజాము నుంచే హడావుడి. తలమీద బోనం, చేతిలో వేపమండలతో ఆడవాళ్లు చిలకలగూడ మీదుగా స్టేషన్ దాటి జనరల్ బజార్ చేరతారు. అక్కడ ఉజ్జయిని మహంకాళిని ఇప్పుడు రాతి రూపంలో చూస్తున్నాం. ఆ గుడిలో మొట్టమొదట పూజలందుకున్నది కొయ్య విగ్రహం.

గుడి కథ తెలిసిందే. పట్నంలో గత్తర వేలమందిని పొట్టన పెట్టుకున్న 1813 ప్రాంతంలో, కంపెనీ పటాలంలో డోలీలు మోసే సురిటి అప్పయ్యకు ఉజ్జయిని బదిలీ అయింది. అక్కడి మహంకాళికి మొక్కాడు: జబ్బు తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలుపుతానని. 1815లో తిరిగొచ్చి, చెక్కతో అమ్మవారిని చేయించి ప్రతిష్ఠించాడు. అప్పయ్య పేరు ఇప్పటికీ అందరి నోటా ఉంది. ఉలి పట్టిన మనిషి పేరు మాత్రం కథలో ఎక్కడా రాదు.

డోలీ బోయీకి కొయ్యే అందుబాటు సరుకు. రాయి కావాలంటే శిల్పి, బండి, ఖర్చు. చెక్కకైతే బాడిసతో రూపం తీసి, ఉలితో కళ్లూ ముక్కూ తేల్చగల వడ్రంగి చాలు. చిక్కల్లా తర్వాతే: తడి తగిలితే పుచ్చుతుంది, చెద పడుతుంది. పూరీలో జగన్నాథుడి దారు విగ్రహాలను నవకళేబరం పేరుతో మారుస్తూ వస్తారు. చివరిసారి 2015లో మార్చారు. లష్కర్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 1864లో కొయ్య విగ్రహం స్థానంలో రాతి విగ్రహం వచ్చింది.

సీతాఫల్‌మండి పక్కనే మరో కొయ్య పని సాగింది. నిజాం రైల్వే 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది. అప్పటి రైలు పెట్టెలకు టేకు చెక్కే ఒళ్లు, కాబట్టి వడ్రంగికి అక్కడ మంచి గిరాకీ. 1955లో పెరంబూరు ఫ్యాక్టరీ మొదలై ఉక్కు బోగీలు వచ్చాక ఆ పని పలచబడింది.

నగరంలో పేరున్న కొయ్య శిల్పం చూడాలంటే ఫలక్‌నుమా లోకల్ ఎక్కి మలక్‌పేటలో దిగాలి. అక్కణ్ణుంచి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. 19వ శతాబ్దపు ఫ్రెంచి పని: ఒకే దుంగకు ముందువైపు మెఫిస్టాఫిలిస్ పొగరుగా, వెనకవైపు మార్గరెటా తల వంచుకుని. గెటే నాటకం ఫౌస్ట్‌లోని మనుషులే ఇద్దరూ. వెనకబొమ్మ కనబడేందుకు అద్దం పెట్టారు. పిల్లలు ముందు ఆ అద్దంలోనే తొంగిచూస్తారు.