చైనా ధూపపాత్ర

ధూపపాత్ర చైనాలో రెండు వేల ఏళ్లకు పైగా ఇళ్లలోనూ ఆలయాల్లోనూ వాడుకలో ఉన్న వస్తువు. దాని గురించి రాసేవారు సాధారణంగా పైనున్న కొండలకు, డ్రాగన్లకు, తామరలకు అర్థాలు చెప్పడంతో మొదలుపెడతారు. తవ్వకాల్లో దొరికిన పాత్రలను కాలక్రమంలో పేర్చి చూస్తే మాత్రం మరో సంగతి బయటపడుతుంది: లోపల వేసే పరిమళ ద్రవ్యం మారినప్పుడల్లా పాత్ర ఆకారం మారింది. నిప్పు, గాలి, బూడిద ఎలా నడుస్తాయో తేలాకే అలంకారానికి చోటు దొరికింది.

చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్‌లో 1972లో తవ్విన క్రీ.పూ. 2వ శతాబ్దపు సమాధిలో మట్టి ధూపపాత్రలు దొరికాయి. వాటిలో సువాసన గడ్డి, ఎండు వేర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఎండుగడ్డి అంటిస్తే తనంత తానే రాజుకుంటుంది, దానికి పెద్ద లోతు అక్కర్లేదు. దక్షిణం నుంచి వచ్చిన జిగురు ధూపాల సంగతి వేరు. సాంబ్రాణి వేసే తెలుగు ఇళ్లవారికి ఇది తెలిసిందే: నిప్పుల మీద చల్లితేనే అది పొగవుతుంది. అందుకు బొగ్గులు పట్టేంత లోతు కావాలి, మంట లేవకుండా మూత కావాలి, పొగకు దారీ కావాలి. కొండ ఆకారపు మూత ఉన్న హాన్ కాలపు బోషాన్ పాత్ర ఈ మూడింటినీ తీర్చింది. క్రీ.పూ. 113లో మరణించిన రాకుమారుడు ల్యూ షెంగ్ సమాధిలో 1968లో దొరికిన కంచు పాత్ర వీటిలో ప్రసిద్ధం. ఎత్తు 26 సెంటీమీటర్లు. కాడ మీంచి మూడు డ్రాగన్లు పైకి లేచి గిన్నెను మోస్తాయి. గిన్నె చుట్టూ బంగారు తీగ పొదిగిన అలలు, మూత మీద శిఖరాలు, వాటి మధ్య వేటగాళ్లు, మృగాలు. రంధ్రాలు శిఖరాల చాటున ఉంటాయి కాబట్టి పొగ కొండల వెనక నుంచి మబ్బులా లేస్తుంది.

ఇది చావులేనివారు ఉంటారని నమ్మిన అమరుల దీవులను తలపించడానికే పుట్టిన రూపం కదా అని అభ్యంతరం రావచ్చు. అమరత్వం మీద హాన్ ప్రభువులకున్న మోజు నిజమే, కొండను ఎంచుకున్నది ఆ మోజే. కానీ ఆ నమ్మకానికి కొండను గోడ మీద గీయించినా సరిపోయేది. చిల్లుల మూత అవసరమైన చోటే అది శిఖరాల వరుసగా మారింది. టాంగ్ కాలపు వెండి ధూపగోళాల్లో ఈ తర్కం ఇంకా స్పష్టం. షీఆన్‌లోని హెజియాత్సున్ నిధిలో 1970లో దొరికిన గోళం వ్యాసం నాలుగున్నర సెంటీమీటర్లకు కాస్త పైన. లోపల ఒకదానిలో ఒకటి తిరిగే వలయాల మీద చిన్న గిన్నె వేలాడుతుంది. గోళం ఎటు దొర్లినా గిన్నె నిటారుగానే నిలుస్తుంది, నిప్పు ఒలకదు. ఒంటి మీద ధరించే వస్తువుకు అంతకన్నా ముఖ్యమైన గుణం లేదు.

సోంగ్ కాలం గట్టి అభ్యంతరమే తెస్తుంది. ల్యూ దాలిన్ 1092లో ప్రాచీన కంచు వస్తువుల సచిత్ర గ్రంథం కూర్చాడు. ఆ రోజుల్లో కుమ్మరులు వెయ్యేళ్లకు పైబడిన మూడు కాళ్ల వంటపాత్రలను ఆకుపచ్చ మెరుగు పింగాణీలో ధూపపాత్రలుగా మలిచారు. వంటపాత్రకు, ధూపానికి ఏం సంబంధం? ఇక్కడ పూర్వుల మీది భక్తి కనబడుతుంది, దాన్ని కాదనలేం. అయితే వారు దేన్ని ఎంచుకున్నారో చూడాలి. సన్నని పొడుగు మద్యపాత్రలు పూలకుండీలకు నమూనా అయ్యాయి, వెడల్పు మూతి పాత్రలు ధూపానికి దక్కాయి. అప్పటి రసికులు నిప్పుకణికను మెత్తని బూడిదలో పాతి, పైన పలుచని అభ్రకం రేకు పరిచి, దాని మీద అగరు ముక్క పెట్టేవారు. పొగ రాకుండా సువాసన మాత్రమే రావాలి. దానికి కావలసింది విశాలమైన బూడిద పాన్పు. బల్లకు వేడి తగలకుండా కాళ్లు ఉపయోగపడ్డాయి.

తర్వాతి పెద్ద మలుపు పుల్ల ధూపం. 1596లో అచ్చయిన లీ షిజెన్ ఔషధ గ్రంథంలో దాని తయారీ ఉంది: పరిమళ చూర్ణాలను ఎల్మ్ బెరడు పిండితో ముద్ద చేసి, గొట్టంలో వేసి దారంలా వత్తుతారు. దీనికి బొగ్గు అక్కర్లేదు, కాబట్టి లోతు, మూత తప్పనిసరి కాలేదు. పాత్ర ఒక రంధ్రానికి, రాలే బూడిదను పట్టే పళ్లేనికి కుదించుకుపోయింది. చేతితో చేసే నేటి స్టాండు ఈ వంశానిదే. బోషాన్ శిఖరాన్ని అచ్చు దించి తల మీద రంధ్రం పెడితే చైనా సంప్రదాయం వచ్చేసినట్టు కొందరు తయారీదారులు భావిస్తారు. ఆ కొండలో పొగ వెళ్లే దారే లేకపోతే మిగిలేది బొమ్మ. చూడవలసింది పుల్ల స్వభావం. వెదురు ఈనె ఉన్న పుల్లను ఏటవాలుగా గుచ్చవచ్చు, పళ్లెం మాత్రం దాని కొస దాటి సాగాలి. ఈనె లేని పుల్ల పెళుసు, నిటారుగా నిలవాలి. రంధ్రం గోడ వేడిని లాగేస్తుంది గనుక అడుగు ముక్క కాలకుండా ఆరిపోతుంది. పుల్ల చివరిదాకా కాలాలంటే గిన్నెలో బూడిద నింపి, దాని మీద అడ్డంగా పడుకోబెట్టాలి.