శాసనలిపి నుంచి యూనికోడ్‌కు: ప్రభుత్వ పత్రాల పఠనీయత

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. రాయల కాలపు శాసనం చదవడానికి లిపి, భాష తెలిస్తే చాలు. మరే సాధనమూ కొననక్కరలేదు. కంప్యూటరు పత్రానికి ఆ సౌలభ్యం సహజంగా రాదు. ఆ 2010 నవంబరులోనే కేంద్రప్రభుత్వం ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానం ప్రకటించింది. రాయల్టీ లేకుండా ఎవరైనా వాడుకోగల ఫైలు రూపాలే దాని లక్ష్యం. ఓపెన్ డాక్యుమెంట్ రూపం 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది.

తెలుగుకు మాత్రం అది చాలదు. యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కినా, డీటీపీ చాలాకాలం అను వంటి ఫాంట్ల సొంత సంకేతాలతోనే సాగింది. ఆ ఫాంటు లేనిచోట పాఠం అర్థంలేని గుర్తుల వరుస. వెతికితే పదం దొరకదు. దానిని బహిరంగ రూపంలో భద్రపరచినా మూసిన పత్రమే. 2011లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్షియంలో సభ్యత్వం తీసుకోవడం అందుకే విధాన ప్రకటన కన్నా ముఖ్యమైన ఘట్టం. అంతకు ముందటి ఫైళ్లను మాత్రం మార్చి, అక్షరాక్షరం సరిచూడవలసిందే.